లింక్ రాడ్ నట్టు, కదలని పిన్ను: సెల్లారులో కారు ముందు చక్రాల పని చేసుకున్న నా అనుభవం

2024 డిసెంబరు మూడో వారం నుంచి మా కారు ముందు ఎడమ చక్రం వైపు టకటకమనే చప్పుడు మొదలైంది. కారు పదకొండేళ్ల నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్. విజయవాడ పటమటలోని మా అపార్టుమెంటు నుంచి నేను పనిచేసే బ్యాంకు శాఖకు వెళ్లిరావడం, నెలకోసారి తెనాలి వెళ్లడం తప్ప దానికి పెద్ద తిరుగుడు లేదు. స్పీడ్ బ్రేకరు మీద రెండు ముందు చక్రాలూ కలిసి ఎక్కి దిగితే ఏ చప్పుడూ ఉండేది కాదు. ఒక్క చక్రమే గుంతలో పడినప్పుడు, అందులోనూ నెమ్మదిగా వెళ్తున్నప్పుడు, గట్టిగా వినిపించేది. రెండు చక్రాలూ ఒకే ఎత్తున లేచినంతసేపు స్టెబిలైజర్ బారు, అంటే ముందు చక్రాల రెండు వైపులనూ కలిపి మలుపుల్లో కారు పక్కకు ఒరగకుండా చూసే ఉక్కు బారు, మెలితిరగదు కాబట్టి దాన్ని చక్రాల వైపుకు కలిపే పొట్టి లింక్ రాడ్ల మీద భారం పడదు. ఒకటి లేచి ఇంకొకటి కింద ఉన్నప్పుడే ఆ రాడ్ల చివర ఉండే బాల్ జాయింట్ల (గూట్లో తిరిగే గుండు కీళ్ల) మీద లాగుడు పడుతుంది. కారును నేల మీదే ఉంచి, స్టీరింగును పూర్తిగా ఒక వైపు తిప్పి, చక్రం వెనక నుంచి చేయి పెట్టి రాడ్‌ను పట్టుకొని ఊపి చూస్తే అదే టకటక నా చేతికి తెలిసింది.

మా పేటలోని ఒక వర్క్‌షాపు వారు చూసి రూ. 9,600 అంచనా రాసిచ్చారు. అందులో లింక్ రాడ్లతో పాటు చక్రాలను కింది వైపు పట్టి ఉంచే రెండు లోయర్ ఆర్మ్‌లు, వీల్ అలైన్‌మెంటు, కూలి కలిసి ఉన్నాయి. లోయర్ ఆర్మ్‌లు ఎందుకని అడిగితే, "ఎలాగూ విప్పుతున్నాం కదా మేడమ్, అన్నీ ఒకేసారి అయిపోతే మంచిది" అన్నారు. లింక్ రాడ్ మార్చడానికి లోయర్ ఆర్మ్ విప్పవలసిన అవసరం లేదు. లింక్ రాడ్ మారినంత మాత్రాన అలైన్‌మెంటు కూడా మారదు. ఒక్కో రాడ్‌కు ఉండేవి రెండే నట్లు. రెండు రాడ్లకు నాలుగు నట్లు. ఈ నాలుగు నట్లను నేనే విప్పి బిగించలేనా అన్న పట్టుదల ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడే కలిగింది. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టిన పని కాదు, మిగలలేదు కూడా. ఆ లెక్క చివర చెబుతాను.

జనవరి 4, శనివారం. బ్యాంకు పని ముగిశాక సాయంత్రం వాహనాల సామాను కొట్లుండే ఆటోనగర్ వెళ్లాను. కారుతో పాటు ఇచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చుకోవడానికే గాని చక్రం విప్పి గంటల తరబడి పని చేయడానికి పనికిరాదు. అందుకని రెండు టన్నుల ట్రాలీ జాకీ రూ. 3,200కు, లేపిన కారును మోసే ఒక జత స్టాండ్లు రూ. 1,700కు కొన్నాను. అర అంగుళం సాకెట్ సెట్టు రూ. 2,600, నట్టును కొలిచిన బిగుతుకు బిగించే టార్క్ రెంచి రూ. 2,850, పొడుగు చేతుల అలెన్ కీల సెట్టు రూ. 380 అయ్యాయి. కొట్టు యజమాని సామాను ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతూ, "మెకానిక్ ఏ కంపెనీది తెమ్మన్నాడమ్మా?" అని అడిగారు. నాకేనండీ అని చెప్పాక కాసేపు మాట్లాడలేదు. తరువాత లోపలికి వెళ్లి 14 నంబరు గేర్ పానా, అంటే రింగులోనే రాచెట్ ఉండే పానా, తెచ్చి చేతిలో పెట్టి, "లింక్ రాడ్ పనైతే ఇది లేకుండా ఏడుస్తారమ్మా, తీసుకెళ్లండి" అన్నారు. రూ. 420. ఈ మొత్తం ఖర్చులో కళ్లు మూసుకుని మళ్లీ కొనగలిగిన వస్తువు అదొక్కటే.

విడిభాగాల కొట్లో మరో చిక్కు వచ్చింది. మా మోడల్‌కు మధ్యలో ఒక ఏడాది లింక్ రాడ్ పొడవు మారిందట. చాసిస్ నంబరు లేకుండా ఇస్తే తరువాత మార్చుకోవడం కుదరదని వారు ముందే చెప్పారు. ఆర్సీ ఫొటో ఫోన్‌లో ఉంది గనుక సరిపోయింది. అసలు కంపెనీవి కావాలంటే చెన్నై నుంచి రావాలన్నారు. జనవరి 8, బుధవారం వచ్చాయి. జత రూ. 1,480.

ఈ నాలుగు రోజుల ఎదురుచూపు వృథా కాలేదు. జనవరి 5 ఆదివారం ఉదయం చక్రాలు విప్పకుండానే స్టీరింగును ఇటూ అటూ పూర్తిగా తిప్పి, నట్టు దాటి బయటికి వచ్చిన త్రెడ్ల మీది మట్టినీ తుప్పునూ వైర్ బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేశాను. బుధవారం రాత్రీ, శుక్రవారం రాత్రీ మళ్లీ కొట్టాను. నట్టు వెనక్కి రావలసింది ఆ బయటి త్రెడ్ల మీదుగానే. అక్కడ తుప్పు గట్టిపడి ఉంటే నట్టు సగంలో పట్టేస్తుంది. పట్టేసిన నట్టుతో పాటు లోపలి బాల్ జాయింటు కూడా గిరగిరా తిరుగుతుంది గాని నట్టు మాత్రం ఊడిరాదు. లింక్ రాడ్ పనిలో ఉన్న మెలిక అంతా ఇదే. నట్టును తిప్పే చేయి ఒకటి, అది బిగించి ఉన్న, బాల్ జాయింటు నుంచి వచ్చే త్రెడ్ల కడ్డీని తిరగకుండా ఆపే చేయి ఇంకొకటి కావాలి. ఆ రెండు చేతులూ పట్టే చోటు మాత్రం చక్రం వెనక ఉండదు.

జనవరి 11 రెండో శనివారం, బ్యాంకుకు సెలవు. ఉదయం ఆరింటికే సెల్లారులోకి దిగాను. నేల మీద నూనె మరక పడితే అసోసియేషన్ సెక్రటరీ గారు ఊరుకోరు కాబట్టి, ఎన్నికలప్పటి పాత ఫ్లెక్సీ ఒకటి వాచ్‌మన్‌ను అడిగి తెచ్చి బోర్లా పరిచాను. వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, కారు నేల మీద ఉండగానే చక్రాల నట్లను పావు చుట్టు వదులు చేశాను. చక్రం గాలిలో ఉంటే నట్టు తిప్పబోతే చక్రమే తిరుగుతుంది.

కారు లేపడం దగ్గర నేను ఊహించని ఇబ్బంది ఒకటి ఎదురైంది. కారు పక్క అంచు కింద జాకీ పెట్టడానికి చూపిన చోటూ, స్టాండు పెట్టవలసిన చోటూ ఒకటే. జాకీ ఉన్న చోట స్టాండు పట్టదు. ముందు వైపు మధ్యలో ఉన్న క్రాస్ మెంబరు (అడ్డ దూలం) కింద జాకీ పెట్టి ఒకేసారి రెండు వైపులా లేపమని కారు పుస్తకంలో ఉంది. కానీ జాకీ అంత లోపలికి వెళ్లాక దాని పిడి బంపరుకు తగిలి పైకీ కిందికీ ఆడలేదు. చివరకు ముందు చక్రాలను రెండంగుళాల మందం చెక్కల మీదికి ఎక్కించి, అప్పుడు జాకీ తోస్తే పిడి ఆడడానికి చోటు దొరికింది. చెక్కలు మా ఎదురు వీధి వడ్రంగి దగ్గర అప్పటికప్పుడు తెచ్చినవి. కారు లేపి స్టాండ్ల మీదికి దించడానికే ఏడున్నర దాటింది. దించాక బానెట్టు పక్కన రెండు చేతులతో బలంగా ఊపి, కారు కదలకుండా నిలిచిందని నమ్మకం కుదిరాకే చక్రాలు తీశాను. తీసిన చక్రాలను పక్క అంచుల కింద పడుకోబెట్టాను. స్టాండు జారినా కారు వాటి మీద ఆగుతుందని ఆ ఏర్పాటు. అయినా మొదటి అరగంట మెడ లోపలికి పెట్టిన ప్రతిసారీ నా ఊపిరి నాకే వినిపించేది.

రెండు వైపులా ఒకేసారి లేపడానికి మరో కారణం ఉంది. ఒక వైపే లేపితే స్టెబిలైజర్ బారు మెలితిరిగి లింక్ రాడ్‌ను లాగి పట్టుకుంటుంది. నట్టు ఊడినా రాడ్ రంధ్రంలోంచి బయటికి రాదు. రెండు చక్రాలూ సమానంగా వేలాడుతుంటే రాడ్ చేత్తో తోస్తే కదిలేంత వదులుగా ఉంటుంది.

ఎడమ వైపు కింది నట్టు సాకెట్‌తోనే వచ్చేసింది. పై నట్టు రెండు చుట్లు తిరిగి, ఆ తరువాత కడ్డీతో కలిసి తిరగడం మొదలుపెట్టింది. కడ్డీ చివర అలెన్ కీ పట్టడానికి ఆరు పలకల గుంత ఉంటుంది. దానినిండా మట్టి గట్టిపడి ఉంది. సన్నటి మేకుతో అడుగుదాకా తవ్వి శుభ్రం చేశాక 5 నంబరు అలెన్ కీ గట్టిగా కూర్చుంది. ఈ శుభ్రం చేయడానికి పట్టిన పది నిమిషాలు తొందరపడి తగ్గించుకోకూడదు, ఎందుకంటే కీ గుంతలో సగమే దిగితే పలకలు అరిగిపోతాయి, ఆ తరువాత పట్టుకోవడానికి ఏమీ మిగలదు. గేర్ పానా రింగులోంచి అలెన్ కీ దూర్చి, ఒక చేత్తో కీ పట్టుకొని ఇంకో చేత్తో పానా తిప్పాను. బ్రేకు పైపుకూ షాకబ్జార్బరుకూ మధ్య పానా కదలగలిగే జాగా నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదు. మామూలు రింగ్ పానా అయితే ఒకసారి తీసి మళ్లీ పెట్టడానికి ముప్ఫై డిగ్రీల తిరుగుడు కావాలి. 72 పళ్ల గేర్ పానాకు ఐదు డిగ్రీలు చాలు. కటకటమని ఒక్కో పన్ను చొప్పున తిరిగి తొమ్మిదింటికి నట్టు చేతిలో పడింది. పాత రాడ్ బాల్ జాయింటు వేలితో తోస్తే అటూ ఇటూ వాలిపోయింది. కొత్తదాన్ని వంచడానికి రెండు చేతుల బలం కావలసి వచ్చింది.

కొత్త రాడ్ బిగించేటప్పుడు ఒక సందేహం వచ్చింది. టార్క్ రెంచికి సాకెట్ తగిలిస్తే కడ్డీ చివర మూసుకుపోతుంది, అలెన్ కీ పెట్టడానికి దారి ఉండదు. మొదట గేర్ పానా, అలెన్ కీ కలిపి బిగుతు వచ్చేదాకా తిప్పితే కడ్డీ బ్రాకెట్‌లో గట్టిగా కూర్చుని తిరగడం మానేస్తుంది. ఆ పైన టార్క్ రెంచితో పుస్తకంలో చెప్పిన 50 న్యూటన్ మీటర్లకు బిగించాను. నట్లు రాడ్లతో వచ్చిన కొత్తవే వాడాను. నైలాన్ వలయం ఉండే ఇటువంటి నట్లు ఒకసారి విప్పాక మునుపటిలా పట్టవు.

కుడి వైపు అంత సులువుగా వదలలేదు. పై నట్టు దగ్గర కడ్డీ చివరి గుంతలో తుప్పు పలకలనే తినేసింది. కీ పెట్టి తిప్పిన వెంటనే జర్రున జారి గుండ్రంగా అయింది. వెనక వైపు బాల్ జాయింటును కప్పే రబ్బరు బూటుకూ బ్రాకెట్‌కూ మధ్య కడ్డీని, దవడలు బిగిసి ఉండిపోయే లాకింగ్ ప్లయరుతో పట్టుకోవచ్చునని తెలుసు, దానికోసమే రూ. 480 పెట్టి ఒకటి కొన్నాను కూడా. కానీ ఆ సందు పెన్సిలు మందం, ప్లయరు దవడ దానికి రెట్టింపు. వాచ్‌మన్ వచ్చి చూసి, "మెకానిక్‌ను పిలవమంటారా మేడమ్, మా ఊరివాడు ఉన్నాడు" అన్నాడు. ఆ ఊరివాడు అప్పటికే పండక్కి ఊరెళ్లిపోయాడని ఫోన్ చేశాక తెలిసింది. మూడో అంతస్తు అంకుల్ గారు వచ్చి గ్రైండరుతో కోసేయమన్నారు. నట్టుకు వేలెడు దూరంలో బ్రేకు రబ్బరు పైపు, దాని పక్కనే ఏబీఎస్ సెన్సారు తీగ ఉన్నాయి. ఆ నిప్పురవ్వలు వాటి మీద పడనిచ్చే ధైర్యం నాకు లేదు.

ఇంతలో మరో సంగతి బయటపడింది. కుడి చక్రం తీసి ఉంది కదా అని డిస్కును రెండు వైపులా నొక్కి చక్రాన్ని ఆపే బ్రేకు ప్యాడ్ల వైపు టార్చి వేసి చూస్తే, బయటి ప్యాడు ఆరు మిల్లీమీటర్లకు పైగా ఉంది, లోపలి ప్యాడు రెండు మిల్లీమీటర్లకు వచ్చేసింది. పిస్టను లోపలి ప్యాడును తోస్తే, ఆ ఎదురు బలానికి క్యాలిపరు, అంటే పిస్టను ఉండే బ్రేకు భాగం, మొత్తం రెండు పిన్నుల మీద జారి బయటి ప్యాడును లాక్కు రావాలి. పిన్ను బిగుసుకుపోతే ఆ జారుడు ఆగి పని భారమంతా లోపలి ప్యాడు మీదే పడుతుంది. క్యాలిపరును చేత్తో అటూ ఇటూ లాగితే పై పిన్ను దగ్గర వీసమెత్తు కూడా కదల్లేదు. అరిగిన లింక్ రాడ్‌తో కారు నడపవచ్చు, చప్పుడు భరించాలి, అంతే. ఈ బ్రేకు సంగతి తెలిశాక మళ్లీ చక్రం బిగించి తెనాలి వెళ్లడానికి మనసొప్పలేదు. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు మీద నాకు కొంచెం కృతజ్ఞత కలిగింది. అది లేకపోతే నేను ఆ చక్రం విప్పేదాన్నే కాదు.

జనవరి 12 ఆదివారం ఉదయం కూడా ప్రయత్నించి వదిలేశాను. 13 భోగి, 14 సంక్రాంతి, 15 కనుమ. ఆటోనగర్‌లో ప్యాడ్లు కొందామన్నా కొట్లు మూసి ఉన్నాయి. చక్రాలు లేని కారును స్టాండ్ల మీద వదిలి, చుట్టూ తాడు కట్టి, పిల్లలు గాలిపటాల కోసం అటువైపు రాకుండా చూడమని వాచ్‌మన్‌కు అప్పగించి, సాయంత్రం రైలెక్కి తెనాలి వెళ్లాం. పండుగ రద్దీలో నిలబడి వెళ్లిన ఆ ప్రయాణంలో ఇంట్లోవాళ్లు నన్ను ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బరువుగా ఉంది. రాత్రుళ్లు కూడా స్టాండు పళ్లు సరిగ్గా పడ్డాయా లేదా అన్న ఆలోచనే.

తెనాలిలో మా బాబాయి ఆర్టీసీ డిపో గ్యారేజీలో పనిచేసి రిటైరయ్యారు. "కారును స్టాండ్ల మీద పెట్టి పండక్కి రైల్లో వచ్చావా అమ్మాయ్" అని కాసేపు నవ్వి, ఫోన్‌లో ఫొటో పెద్దది చేసి చూశారు. ఆయన మొదట చెప్పిన ఉపాయం ఇది: పాత రాడ్ ఎలాగూ పారేసేదే కాబట్టి, బూటు చిరిగినా ఫరవాలేదనుకుని టైరు లివరును బ్రాకెట్‌కూ బాల్ జాయింటుకూ మధ్య దూర్చి బలంగా నెట్టి పట్టుకుంటే, ఆ ఒత్తిడికి కడ్డీ తన గూట్లో పట్టేసి తిరగడం ఆగుతుంది, అప్పుడు నట్టు వదలవచ్చు. "అదీ కాకపోతే దీంతో చీల్చెయ్" అంటూ అటక మీది ఇనప పెట్టెలోంచి నట్టు చీల్చే పనిముట్టు తీసి ఇచ్చారు. ఇనప వలయం, దాని ఒక పక్క ఉలి మొనలాంటి కొన, ఆ కొనను ముందుకు తోసే బోల్టు. సైలెన్సరు నట్ల కోసం ఎప్పుడో కొన్నారట. చూస్తే అందులో ఏమీ లేదు. అసలు కావలసింది అదేనని నాకు ముందు తట్టలేదు, ఎందుకంటే నేను అప్పటిదాకా నట్టును తిప్పడం గురించే ఆలోచిస్తున్నాను.

జనవరి 17 శుక్రవారం సాయంత్రం బ్యాంకు నుంచి ఆటోలో ఆటోనగర్ వెళ్లి, ముందు రెండు చక్రాలకూ సరిపోయే ప్యాడ్ల సెట్టు రూ. 1,450, పిన్నుల రబ్బరు బూట్ల కిట్టు రూ. 240, సిలికాన్ గ్రీజు రూ. 190, బ్రేక్ క్లీనరు రూ. 320, బ్రేక్ ఆయిల్ రూ. 230, ఆరంగుళాల సీ-క్లాంపు రూ. 350 పెట్టి తెచ్చాను. కొట్లో కుర్రవాడు బూట్ల కిట్టు ఎందుకు, క్యాలిపరే మార్చేయండి అన్నాడు. దాని ధర రూ. 3,800. పిస్టను బాగున్నప్పుడు పిన్ను కోసం మొత్తం క్యాలిపరు మార్చడం నాకు సబబుగా తోచలేదు.

జనవరి 19 ఆదివారం. టైరు లివరు ఉపాయంతో నట్టు చుట్టున్నర వచ్చి ఆగింది. అప్పుడు బాబాయి ఇచ్చిన పనిముట్టును నట్టు చుట్టూ తొడిగి, ఉలి కొన నట్టు పలక మధ్యకు వచ్చేలా చూసుకుని, బోల్టును కొంచెం కొంచెంగా బిగించాను. కొన లోహంలోకి దిగుతున్నకొద్దీ చేతికి బిగువు పెరిగి, ఒక చోట టప్పుమని పగిలింది. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయకూడదు. చిన్న ముక్క ఒకటి ఎగిరి డిస్కుకు తగిలి పడింది. చీలిన నట్టును పానాతో తిప్పితే వేళ్లకు వచ్చినంత తేలికగా వచ్చింది. వారం రోజులుగా నా నిద్ర పాడు చేసిన నట్టు పావుగంటలో నేల మీద పడింది. కొత్త రాడ్ ఎక్కించడానికి ఇరవై నిమిషాలు.

ఇక బ్రేకు. క్యాలిపరు కింది బోల్టు తీసి పైకి తిప్పబోతే పై పిన్ను అలాగే బిగిసి ఉంది. నూనె కొట్టి అరగంట ఆగి, లాకింగ్ ప్లయరుతో పిన్నును పట్టుకొని పీకకుండా, ఇటు కాస్త అటు కాస్త తిప్పుతూ పోయాను. మొదట వెంట్రుకవాసి, ఆ తరువాత పావు చుట్టు, చివరకు పూర్తి చుట్టు తిరిగి, ఎర్రటి పొడితో బయటికి వచ్చింది. పిన్ను రబ్బరు బూటు చిరిగి నీళ్లు దూరాయి. అంతకుముందు ఎవరో అందులో మామూలు పసుపు గ్రీజు పెట్టినట్టున్నారు, అది గట్టిపడి ముద్దగా ఉంది. పెట్రోలియం గ్రీజుకు ఈ రబ్బరు ఉబ్బుతుంది. ఇక్కడ సిలికాన్ గ్రీజే వాడాలి. పిన్నును సన్నటి ఎమెరీ కాగితంతో రుద్ది, గూడును గుడ్డ చుట్టిన పుల్లతో బ్రేక్ క్లీనరు వేసి తుడిచి, కొత్త బూటు తొడిగి పలచగా గ్రీజు రాశాను. వేలితో తోస్తే లోపలికి వెళ్లి మెల్లగా వెనక్కి వచ్చింది. ఆ కదలిక చూస్తూ నాలుగైదుసార్లు ఊరికే తోశాను. మిగతా మూడు పిన్నులనూ తీసి ఇదే విధంగా శుభ్రం చేశాను. విప్పిన క్యాలిపరును బ్రేకు పైపు మీద వేలాడనివ్వకుండా కట్టుడు తీగతో స్ప్రింగుకు కట్టి ఉంచాలి.

డిస్కు మార్చాలో లేదో తేల్చుకోవడానికి మందం కొలవాలి. డిస్కు అంచు చుట్టూ అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియరు దవడలు ఆ గట్టునే కొలుస్తాయి. దీనికి నేను రెండు రూపాయి నాణేలను డిస్కుకు చెరో వైపు ఆనించి, వాటి మీదుగా కొలిచి, నాణేల మందం తీసేశాను. 16.1 మిల్లీమీటర్లు వచ్చింది. డిస్కు మీద అచ్చొత్తిన కనిష్ఠ మందం 15. కాబట్టి డిస్కుల ఖర్చు తప్పింది.

కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి గనుక పిస్టనును లోపలికి నెట్టాలి. అలా నెట్టినప్పుడు బ్రేక్ ఆయిల్ పైనున్న డబ్బాలోకి వెనక్కి ఎక్కి పొంగుతుంది. ముందుగా సిరంజితో కొంత తీసి, డబ్బా చుట్టూ తడిగుడ్డ చుట్టాను. ఈ ఆయిలు పడిన చోట పెయింటు లేస్తుంది, పడితే వెంటనే నీళ్లు పోసి కడగాలి. పాత ప్యాడును పిస్టను మీద అడ్డం పెట్టి సీ-క్లాంపుతో నెమ్మదిగా బిగిస్తే పిస్టను సమంగా వెళ్లింది. పిన్ను బోల్టులు 26 న్యూటన్ మీటర్లకు, చక్రాల నట్లు 85కు బిగించి, కారు దించేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

అప్పుడు సీట్లో కూర్చుని బ్రేకు తొక్కాను. పెడల్ నేలదాకా వెళ్లిపోయింది. వెనక్కి నెట్టిన పిస్టను మళ్లీ ముందుకు వచ్చి ప్యాడును తాకేదాకా ఇలాగే ఉంటుందని చదివి ఉన్నాను, అయినా కాలి కింద ఏమీ లేకపోవడం తెలిసిన క్షణంలో ఒళ్లు చల్లబడింది. ఇంజను ఆఫ్‌లో ఉంచే పదే పదే తొక్కితే పెడల్ క్రమంగా గట్టిపడింది. డబ్బాలో ఆయిలు మట్టం చూసి సరిచేసి, సెల్లారులోనే నడిచే వేగంతో ముందుకు ఒక కారు పొడవు, వెనక్కి ఒక కారు పొడవు పోనిచ్చి ఆపి చూశాను. ఈ పని చేయకుండా ర్యాంపు ఎక్కి రోడ్డు మీదికి వెళ్లేవారిని ఎవరూ కాపాడలేరు.

జనవరి 20 సోమవారం తెల్లవారుజామున ఇన్నర్ రింగ్ రోడ్డు మీదికి తీసుకెళ్లాను. కొత్త ప్యాడ్లు డిస్కుతో కుదురుకోవాలంటే యాభై అరవై కిలోమీటర్ల వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, సమంగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ పలుమార్లు బ్రేకు వేయాలి. వెనక వాహనాలు లేని వేళ తప్ప మన రోడ్ల మీద ఇది కుదరదు. గుంత వెతుక్కుని మరీ ఒక చక్రం దించాను. చప్పుడు లేదు. బ్రేకు వేసినప్పుడు పెడల్ కింద అంతకుముందు ఉన్న మెత్తదనమూ పోయింది. అది పాతబడటం వల్ల కాబోలు అని నేను దానికి అలవాటు పడి ఉన్నాను.

ఖర్చు సంగతి. లాకింగ్ ప్లయరు, నూనె స్ప్రే, వైర్ బ్రష్ కలుపుకుని పనిముట్లకు రూ. 12,300, విడిభాగాలకూ గ్రీజు, ఆయిళ్లకూ రూ. 3,910. వర్క్‌షాపు అంచనా కంటే చాలా ఎక్కువే. ఆ అంచనాలో ప్యాడ్లు లేవు, పిన్ను ప్రస్తావనే లేదు, అవసరం లేని లోయర్ ఆర్మ్‌లు ఉన్నాయి. మళ్లీ కొనాల్సి వస్తే సాకెట్ సెట్టు తీసుకోను; అందులో నాకు పనికొచ్చినవి మూడో నాలుగో, వాటిని విడిగా కొనుక్కోవచ్చు. ఆ డబ్బుతో చిన్న సైజు నట్టు చీల్చే పనిముట్టు, సన్నటి దవడల ప్లయరు కొంటాను. బాబాయి తన పనిముట్టు తిరిగి అడగలేదు, ఆయనకు అది గుర్తుంటుందన్న సంగతి నాకు తెలుసు, వచ్చే నెల పట్టుకెళ్లి ఇవ్వాలి.

ఫిబ్రవరి 2 ఆదివారం చక్రాల నట్లు, లింక్ రాడ్ నట్లు టార్క్ రెంచితో మళ్లీ సరిచూశాను, ఏదీ వదులు కాలేదు. తెనాలి వెళ్లివచ్చాక రెండు ముందు చక్రాల దగ్గరా అరచేయి పెట్టి చూస్తే వేడి ఒకేలా ఉంది. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములలో ఒకదాని నుంచి ఈ మధ్య సన్నగా కీచుమంటోంది. మా కారుకు డ్రమ్ము తీయాలంటే హబ్ నట్టు విప్పాలి, దానికి నా బరువుకు మించిన బలమూ, మా పార్కింగు గోడకూ కారుకూ మధ్య లేనంత పొడుగు పైపూ కావాలి. ఆ పని మాత్రం ఆటోనగర్‌లోనే చేయిస్తాను.